తుక్కుకు తూచొద్దు.. తుడిచి చూడండి
పాత సైకిలుకు ప్రాణం పోయడం ఇలా

ఆత్రేయపురం: అటకపైనో, పశువుల పాక మూలనో తుప్పు పట్టి పడి ఉన్న తాతల నాటి సైకిలుకు పాత ఇనుము వ్యాపారి కట్టే వెల స్వల్పమే. అదే సైకిలును పద్ధతిగా విప్పి, శుభ్రపరిచి బిగిస్తే మరో తరం తొక్కుతుంది. ఒకసారి తుక్కులో కలిసిన బండి తిరిగి రాదు. దాని అసలు భాగాలు బజారులో దొరకడమూ కష్టమే. అందుకే బాగుచేతకు పూనుకునే ముందు ఏది ఉంచాలో, ఏది మార్చాలో తెలుసుకోవడం అవసరం.

సైకిలుకు అనువైన నేల

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బొబ్బర్లంక వద్ద బయలుదేరే మధ్య డెల్టా ప్రధాన కాలువ ఆత్రేయపురం మండలం మీదుగా సాగి లొల్ల లాకుల వద్ద చీలుతుంది. కాలువ గట్ల వెంబడి వంతెనలు ఎక్కేటప్పుడు తప్ప ఎత్తుపల్లాలు తక్కువ. గేర్లు లేని బరువైన సైకిలు కూడా ఇక్కడ సునాయాసంగా నడుస్తుంది. ముందు పళ్లచక్రానికి 44, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్న 28 అంగుళాల సైకిలు, పెడల్ ఒక చుట్టు తిరిగితే దాదాపు ఐదున్నర మీటర్లు ముందుకు పోతుంది. రావులపాలెం మార్కెట్‌కు అరటి గెలలు మోసినవి ఇటువంటి బండ్లే.

ముందు పోల్చుకోవాలి

ముందు గొట్టంపై ఉండే రేకు ముద్ర చూస్తే కంపెనీ తెలుస్తుంది. పెద్దలు 'ర్యాలీ' అని పిలిచే సైకిలుకు మన మండలంలోని ర్యాలి గ్రామంతో సంబంధం లేదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఒక వీధి పేరే ఆ కంపెనీ పేరయింది. 1950వ దశకం నుంచి ఇవి పశ్చిమ బెంగాల్‌లోని అసన్‌సోల్‌లోనూ తయారయ్యాయి. హెర్క్యులెస్‌ను 1949లో మద్రాసులో నెలకొన్న టీఐ సైకిల్స్ తయారుచేసింది. 1951లో ప్రారంభమైన అట్లాస్ కంపెనీ చివరి ఫ్యాక్టరీ 2020 జూన్‌లో మూతపడింది. ఇలాంటి బండ్లకు ఉన్న అసలు భాగాలను కాపాడుకోవడమే మేలు.

విప్పేటప్పుడు జాగ్రత్త

విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోవాలి. బిగుసుకుపోయిన నట్లపై ముందు రోజు రాత్రే నూనె వేసి ఉంచాలి. ఎడమ పెడల్ మర మిగతా వాటికి వ్యతిరేకంగా తిరుగుతుందని మరవరాదు. క్రాంకును పట్టి ఉంచే కాటర్ పిన్ను తీసేటప్పుడు క్రాంకు కింద ఇనుప గొట్టం ఆసరాగా నిలపాలి. ఆసరా లేకుండా సుత్తితో కొడితే లోపలి కప్పులు, బాల్స్ దెబ్బతింటాయి.

1986 ఆగస్టు, 2022 జూలై నాటి వంటి గోదావరి వరదల్లో మునిగిన బండి అయితే చక్రాల ఇరుసుల్లో ఒండ్రు చేరి ఉంటుంది. పైపైన నూనె పోస్తే చాలదు. ఇరుసులు విప్పి, కిరోసిన్‌తో గానీ డీజిల్‌తో గానీ కడిగి, గుంటలు పడిన బాల్స్ మార్చి, కొత్త గ్రీజు పట్టించాలి.

ఉంచవలసినవి.. మార్చవలసినవి

పాత నలుపు రంగు, బంగారు గీతలు, రేకు ముద్ర, తోలు సీటు, బెల్లు, డైనమో, చైన్ కవరు సాధ్యమైనంత వరకు ఉంచాలి. గరుకు కాగితంతో రుద్ది కొత్త రంగు వేస్తే అసలు గీతలు శాశ్వతంగా పోతాయి. మెత్తని గుడ్డకు నూనె అద్ది తుడిస్తే చాలాచోట్ల పాత నిగారింపు బయటపడుతుంది. మెరుపు పూత ఉన్న భాగాలపై పలుచని తుప్పును నీటిలో తడిపిన అల్యూమినియం రేకు కాగితంతో రుద్ది తీయవచ్చు.

టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, తుప్పు తిన్న పుల్లలు, సాగిన చైను విషయంలో మాత్రం పాతదనంపై మమకారం పనికిరాదు. చైనులో 24 లంకెల పొడవు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే మార్చివేయాలి. ఫ్రేము అతుకుల వద్ద, ముందు ఫోర్కు మెడ వద్ద పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో పరిశీలించాలి. గెలలు, బస్తాలు మోసిన బండికి ఈ పరీక్ష తప్పనిసరి. పగులు కనిపిస్తే, పలుచని గొట్టాలను ఇత్తడితో అతకడంలో అనుభవం ఉన్న వారికే అప్పగించాలి. అది కుదరకపోతే ఆ బండిని తొక్కరాదు.

బ్రేకుపైనే భద్రత

పాత సైకిళ్లకు తీగలు కాక కడ్డీల బ్రేకులు ఉంటాయి. ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు పట్టు బాగా తగ్గుతుంది. వానలో ముందుగానే బ్రేకులను మెల్లగా నొక్కి రిమ్ము తడి తుడవాలి. ఆగవలసిన దూరం ఎక్కువగా ఉంచుకోవాలి. ఒక పక్క కాలువ, మరో పక్క లారీలు ఉండే గట్టు రోడ్లపై ఇది ప్రాణరక్షణ సూత్రం. రాత్రివేళ డైనమో ఉన్నా, ఆగినప్పుడు అది వెలగదు కాబట్టి వెనుక ఎర్రని రిఫ్లెక్టరు ఉండాలి.

మోపెడ్లు, మోటారు సైకిళ్లు పెరిగాక కడ్డీ బ్రేకులు సరిచేయగల, పుల్లలు బిగించి చక్రం బెండు తీయగల మెకానిక్కులు తగ్గిపోతున్నారు. వారు పనిలో ఉండగానే బండిని తీసుకువెళ్లి, పక్కన కూర్చుని ఒక్కో పనీ చూసి నేర్చుకోవడం మంచిది. ఆ పనితనం ఇంట్లో ఒకరికైనా వస్తే సైకిలు మళ్లీ పాక మూలకు చేరదు.