నెత్తురులో పొగజాడ



శ్రీకూర్మనాథుని ఆలయమంటపమందలి స్తంభములను చూడనివారు మీలో నుండరు. వానిపై 13వ శతాబ్దినాటి శాసనములును కలవు. దీపములకు దానమిచ్చినవారు పోయి ఏడువందల యేండ్లు దాటినవి. వ్రాత మాత్రము నిలిచియున్నది. మన నెత్తురులోను అట్టి వ్రాత యొకటి కలదనియు, మనిషి చెప్పకున్నను వాని పొగత్రాగుడు సంగతిని అది చెప్పగలదనియు నేడు మనవిచేయ వచ్చితిని.

ముందు మా యింటి ముచ్చట. మా నాయనమ్మ అడ్డపొగ త్రాగెడిది. చుట్టను నిప్పుకొన లోపలికి వచ్చునట్లు నోట బెట్టుకొని కాల్చుటయే అడ్డపొగయని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కడలిగాలికి చుట్ట ఆరదు. ఒక్క చుట్ట చాలసేపు వచ్చును. పనిలోనున్న ఆడువారికి చేతులు ఖాళీగ నుండును. 1984లో ఆమె అంగిట తెల్లని మచ్చ లేచి పుండుకాగా పట్టణమునకు తీసికొనిపోతిమి. "అమ్మా, చుట్ట కాలుస్తారా?" అని వైద్యుడడిగెను. కోడలును మనుమలును ఎదుట నున్నారు. "నేదు బాబూ" అన్నది. పక్కనున్న నేను కిక్కురుమనలేదు. నోటిపూతకు మందిచ్చి పంపిరి. అది రాచపుండని తెలియుసరికి ఆఱు నెలలు గడచినవి. ఆ వైద్యుని నేనెన్నడును తప్పుపట్టలేదు.

అడ్డపొగకును అంగిటి రాచపుండునకును గల పొత్తు నిన్న మొన్న కనుగొన్నది కాదు. పిండ్‌బోర్గు, మెహతా మొదలగు పండితులు మన శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఆ ఫలితములను ప్రకటించిరి. కాని నోటిని చూచుట వేఱు, నెత్తురు నడుగుట వేఱు.

నెత్తురులోని తెల్లకణములలో డి.ఎన్.ఏ. అను దారము కలదు. నాలుగే అక్షరములను మరల మరల కూర్చి, సుమారు 300 కోట్ల అక్షరముల గ్రంథము దానిపై వ్రాయబడియున్నది. ఒక శాసనముపై సున్నము పూసితిమనుకొనుడు. అక్షరములు చెడవు, చదువ వీలుగాదు. కణమును తనకు అక్కఱలేనిచోట్ల అట్టి పూత పూసికొనును. ఆ పూత పేరు మిథైల్. ఒక కర్బన పరమాణువు, మూడు ఉదజని పరమాణువులు, అంతే. ఈ పనినే మిథైలీకరణ మందురు.

పొగత్రాగువారిలో ఈ సున్నము కొన్నిచోట్ల రాలిపోవును. వానిలో ప్రసిద్ధమైనది ఏ.హెచ్.ఆర్.ఆర్. అను జన్యువు. పొగలోని విషములు చేరగానే వానిని విఱిచెడి యంత్రమొకటి కణమున మేల్కొనును. దానికి కళ్లెము వంటిది ఈ జన్యువు. ఎన్నడును త్రాగనివారిలో అందలి యొక గుర్తుచోట నూటికి 80కి పైగా పూత యుండును. విస్తారముగ త్రాగువారిలో అది 60కి దిగువకును పడుట కలదు. 2016లో 15,907 మంది నెత్తురును కలిపి లెక్కింపగా 2,600కు పైగా చోట్ల ఇట్టి మార్పు కానవచ్చెను.

ఉమ్మిలోను మూత్రములోను కొటినిన్ అను పదార్థమును వెదకు పాత పరీక్ష యొకటి కలదు. అది గడచిన కొన్ని దినముల సంగతినే చెప్పును. వారము మానివచ్చిన వానిని అది పట్టలేదు. మిథైలు పూత పట్టగలదు. అంతకన్న నన్ను కలవరపెట్టిన విషయము వేఱొకటి. అదే యేట 6,685 మంది పసిపిల్లల నెత్తురును పరిశీలించిన పండితులు, గర్భవతియై పొగత్రాగిన తల్లుల బిడ్డలలో ఈ జాడను చూచిరి. పుట్టిన బిడ్డ యింకను ఊపిరి తీయకమున్నే ఆ వ్రాత దాని నెత్తురున నున్నదన్నమాట!

అయినను ఈ సాక్షిని గ్రుడ్డిగ నమ్మరాదు. పూత రాలినంతమాత్రమున రాచపుండు వచ్చునని అర్థము కాదు. ఆ లెక్కలు హెచ్చుగ ఐరోపా, అమెరికా దేశములలో సిగరెట్టు త్రాగువారి నెత్తురునుండి తీసినవి. మన అడ్డపొగకు వానిని ఉన్నవియున్నట్లు అంటగట్టుట నాకు సమ్మతము గాదు. మఱియు మనిషి దాచుకొన్న సంగతిని నెత్తురు చెప్పునప్పుడు, వినువాడు వైద్యుడా, భీమా కంపెనీవాడా అని కూడ అడుగవలెను.

మానినవారి సంగతి యేమందురా? పైన జెప్పిన చోట్లలో చాలవఱకు, మానిన 5 ఏండ్లలో ఎన్నడును త్రాగనివారి స్థితికి చేరుచున్నవి. కొన్నిచోట్ల మాత్రము 30 ఏండ్లకును మచ్చ మాయలేదు. మా నాయనమ్మ నెత్తురు నడిగియున్నచో "నేదు" అని అది యనియుండదు.