వేలి క్లిప్పులో 90 అంటే మంచి మార్కులు కావు

వార్డులో రోగి వేలికి క్లిప్పు పెట్టగానే బంధువులు అంకె చూస్తారు. "తొంభై ఉంది కదా సిస్టరుగారూ, మంచిదేగా!" అంటారు. అప్పటికి మేము ఆక్సిజన్ పెట్టే పనిలో ఉంటాము.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో ఆ అంకె చెబుతుంది. ఆక్సిజన్ ఒత్తిడిని బట్టి ఈ శాతం ఎలా మారుతుందో 1904లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు గీత గీసి చూపారు. ఆ గీత తిన్నగా లేదు, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంగింది. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో ఆక్సిజన్‌కు నాలుగు చోట్లు ఉంటాయి. ఒకటి నిండితే మిగతావి సులువుగా నిండుతాయి, ఒకటి ఖాళీ అయితే మిగతావీ త్వరగా వదిలేస్తాయి.

గీత పైభాగం దాదాపు చదునుగా ఉంటుంది. ఒత్తిడి 100 మిల్లీమీటర్ల నుండి 60కి పడిపోయినా, శాతం 98 నుండి 90కే దిగుతుంది. అంటే 90 కనబడేసరికే చాలా నష్టం జరిగిపోయిందన్నమాట. ఆ తర్వాత కొండవాలే! ఒత్తిడి 40 దగ్గర 75 శాతం, 27 దగ్గర 50 శాతం.

ఇంట్లో క్లిప్పు ఉన్నవారు గోళ్ళరంగు తుడిచి, చల్లబడిన వేలిని రుద్ది వెచ్చచేసి చూడండి. మళ్ళీ 92 లోపే ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. (పొగతాగి ఊపిరితిత్తులు పాడైన కొందరికి డాక్టరుగారు 88 నుండి 92 చాలంటారు, వారి మాట వేరు.) ఆయాసముంటే అంకె బాగున్నా రండి. తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టిన బాలింత గదిలో తల తిరిగితే క్లిప్పును అసలు నమ్మవద్దు. బొగ్గుపొగ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే చూపిస్తుంది.