వేషభాషలు మనవి, విశ్వాసం తనది

ఊరు మారినప్పుడు ఏది మార్చుకోవాలి, ఏది మార్చుకోకూడదు అన్న ప్రశ్న ఆంధ్రదేశం వెలుపల తరతరాలుగా స్థిరపడిన మనకు కొత్త కాదు. వాకిట్లో ఒక భాష, వంటింట్లో ఒక భాష మాట్లాడుకునే ఇళ్లు మనవి. ఇదే ప్రశ్న నాలుగు వందల ఏళ్ల క్రితం, తెలుగు నాయకరాజులు ఏలుతున్న మధురలో ఒక ఇటలీ దేశస్థునికి ఎదురైంది. ఆయన రాబర్టో డి నొబిలి. 1577లో పుట్టి, యేసుసభలో చేరి, 1605లో గోవాకూ 1606లో మధురకూ వచ్చాడు.

అప్పటికి మధురలో గొన్సాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు గురువు పదేళ్లకు పైగా పని చేస్తున్నాడు. బడి పెట్టాడు, రోగులకు మందులిచ్చాడు. మంచివాడని పేరు తెచ్చుకున్నాడు. కానీ మధుర వాస్తవ్యులెవరూ ఆయన మతంలో చేరలేదు. కారణం నొబిలికి త్వరలోనే బోధపడింది. జనం దృష్టిలో క్రైస్తవం అంటే "పరంగి"ల మతం. గోమాంసం తిని, మద్యం తాగి, శుచీ శుభ్రమూ పాటించని తెల్లవాళ్లు పరంగులు. క్రైస్తవం పుచ్చుకోవడమంటే ఆ పరంగి కులంలో కలవడమే అనుకున్నారు. అడ్డం వచ్చింది క్రీస్తు కాదు, పోర్చుగీసువారి అలవాట్లు.

నొబిలి ఆ అలవాట్లు వదిలేశాడు. నల్ల అంగీ తీసేసి కాషాయం కట్టాడు, పాదుకలు తొడిగాడు. మాంసం మాని, రోజుకొక్క పూట శాకాహారం తీసుకుంటూ సన్యాసిలా విడిగా నివసించాడు. తమిళం, సంస్కృతంతో పాటు మన తెలుగూ నేర్చాడు. నాయకరాజుల ఆస్థానంలో తెలుగు లేనిదే పని జరగని రోజులవి. ఆనాటి పోర్చుగీసు ఉత్తరాల్లో "బడగ" అని కనిపించే భాష మనదే. తమిళులు మనల్ని "వడుగర్" అన్నది ఇలా వాళ్ల చెవికెక్కింది. జనం ఆయనను తత్త్వబోధక స్వామి అన్నారు.

ఇంతవరకు చదివినవారు, ఈయన తన మతాన్ని నీరు కార్చాడేమో అనుకోవచ్చు. అది నిజం కాదు. దేవుణ్ణి సర్వేశ్వరుడన్నాడు గానీ ఆ సర్వేశ్వరుడు ఒక్కడేనన్న మాట దగ్గర వెనక్కి తగ్గలేదు. పునర్జన్మ సిద్ధాంతాన్ని ఖండిస్తూ ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. పండితులతో వాదాలకు దిగాడు. ఆయన గీసుకున్న గీత స్పష్టం: పిలక, జందెం, గంధం సంఘమర్యాదకు గుర్తులైతే ఉంచుకోవచ్చు, విగ్రహారాధనకు సంబంధించినవైతే వదలాలి.

ఈ గీత ఆయన తోటివారికే నచ్చలేదు. ఫెర్నాండెజ్ 1610లో పైవారికి ఫిర్యాదు చేశాడు. 1619లో గోవాలో విచారణ జరిగింది. చివరకు 1623 జనవరి 31న పోపు 15వ గ్రెగరీ, మూఢాచారంతో ముడిపెట్టకూడదన్న నిబంధనపై ఈ గుర్తులను అనుమతించాడు. కానీ వివాదం అంతటితో ఆరలేదు. 1704లో పుదుచ్చేరిలో పోపు ప్రతినిధి టూర్నాన్ అలాంటి అనేక ఆచారాలను నిషేధించాడు. 1744లో పోపు 14వ బెనెడిక్టు ఆ నిషేధాన్ని చాలావరకు ఖాయం చేశాడు. 1656లో మైలాపూరులో కన్నుమూసిన నొబిలి ఇదంతా చూడలేదు.

అయితే ఆయన పద్ధతిలో ఒక లోపముందని చెప్పక తప్పదు. కులాన్ని కూడా ఆయన సంఘమర్యాదల పద్దులోనే వేశాడు. అగ్రవర్ణాల వారితో మెలగాలంటే తక్కిన వారికి బాహాటంగా దూరంగా ఉండవలసి వచ్చింది. 1640 నుంచి వారికోసం పండారస్వాములనే మరో తరహా గురువులను ఏర్పరచారు. దాని ఫలితం తరాల తరబడి వెంటాడింది. తమిళనాట వడక్కన్‌కుళం చర్చిలో కులాలను విడదీస్తూ నిలిచిన గోడను 1910లో గానీ కూల్చలేదు. కాషాయం కట్టడం వేరు, మనిషిని మనిషి నుంచి వేరుచేసే ఆచారాన్ని ఒప్పుకోవడం వేరు. మొదటిది మర్యాద, రెండోది రాజీ.

ఈ మాటకు మరో ఉదాహరణ మన తెలుగులోనే ఉంది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి, బెంగాలు నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబానికి చెందినవాడు. 1833లో క్రైస్తవం స్వీకరించాడు. 1890లో మరణించేవరకు ఒరిస్సా, ఉత్తరాంధ్ర ప్రాంతాల్లో బోధకుడిగా తిరిగాడు. జందెం వదిలాడు గానీ రాగతాళాలు వదల్లేదు. పల్లవి, చరణాలతో మనవాళ్లకు తెలిసిన బాణీలోనే కీర్తనలు కట్టాడు. ఇప్పటికీ తెలుగు చర్చిల్లో ఆ కీర్తనలు పాడుతారు. తన మతంలో ఏది వదలాలో, తన సంస్కృతిలో ఏది నిలుపుకోవాలో ఆయనకు ఎవరూ ఆజ్ఞాపత్రం పంపనక్కరలేకపోయింది. ఇంటివాడు గనుక అది ఆయనకు సహజంగా తెలిసింది.

నొబిలి బోధను అంగీకరించినా అంగీకరించకపోయినా, ఈ చరిత్ర నుంచి హిందువులైనా క్రైస్తవులైనా ముస్లిములైనా గ్రహించవలసిన విషయాలు రెండున్నాయి. ఒకటి, ఎదుటివారి భాష, భోజనం, కట్టుబొట్టు గౌరవించడం వల్ల మన నమ్మకానికి నష్టమేమీ లేదు. అయితే ఆ గౌరవం పైపై వేషం కాకూడదు. మనం నమ్మేదేమిటో దాచకుండా చెప్పినప్పుడే అది నిజమైన గౌరవం అవుతుంది. రెండు, ఒక ఆచారాన్ని ఉంచుకోవాలా వద్దా అన్న సందేహం వస్తే అది ఎవరినైనా కించపరుస్తోందా అని ముందు చూసుకోవాలి. కన్నడ సీమలోనో కటకంలోనో ముంబయిలోనో, పొరుగువారి మధ్య తెలుగువారిగా బతుకుతున్న మన పిల్లలకు చెప్పదగిన మాటలు ఇవి.