ఢిల్లీ నుంచి గువాహటికి ఎంత దూరం?

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్ళలో ముందుగా వినిపించే ప్రశ్న: "అది ఎంత దూరం?" నాన్నగారు కిలోమీటర్లలో చెబుతారు. అమ్మ గంటల్లో లెక్క వేస్తుంది. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకి మాత్రం ఎన్ని రైళ్ళు మారాలో కావాలి. ఢిల్లీ, గువాహటిలను తీసుకొని ఈ లెక్క ఎలా వేస్తారో చూద్దాం.

రైలులో ఈ దూరం దాదాపు 1,900 కిలోమీటర్లు. రాజధాని ఎక్స్‌ప్రెస్‌కైనా ఒక రోజు దాటుతుంది. పట్టాలు ఊళ్ళను కలుపుతూ, గంగను దాటి, సిలిగురి దగ్గరి సన్నని నేల మీదుగా చుట్టు తిరిగి వెళతాయి. రెండు విమానాశ్రయాల మధ్య నేరు దూరం మాత్రం సుమారు 1,450 కిలోమీటర్లే. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టుకుంటే అదే అతి దగ్గరి దారి. అది నేపాల్ దక్షిణ భాగం మీదుగా పోతుంది. విమానాలు తమకు నిర్ణయించిన ఆకాశ మార్గాల్లోనే వెళ్ళాలి కనుక, ఎగిరే దూరం ఇంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుంటే ప్రయాణం 109 నిమిషాలు. కాని టికెట్టు మీద రెండు గంటల పైనే ఉంటుంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల మళ్ళీ ఆగేదాకా లెక్కిస్తారు. రన్‌వే దాకా నడిచే సమయం, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ తగ్గే వేగం అందులో కలిసిపోతాయి.

ఇక గాలి. చలికాలంలో ఉత్తర భారతం మీద, చాలా ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్ళేటప్పుడు వేగం 900, అంటే 97 నిమిషాలు. వచ్చేటప్పుడు 700, అంటే 124 నిమిషాలు. మొత్తం 221. గాలి లేకపోతే 218. వెళ్ళేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోయింది, పైగా మూడు నిమిషాలు నష్టం! ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి.

రెండు ఊళ్ళలోనూ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం గువాహటిలో సుమారు గంట ముందు ఉదయిస్తాడు. జూన్‌లో నాలుగున్నరకే తెల్లవారుతుంది.

మన కొత్త ఊరి దూరం మనమే కొలవవచ్చు. బడిలోని గ్లోబు మీద దారంతో రెండు ఊళ్ళ మధ్య కొలిచి, భూమధ్యరేఖ పొడవుతో భాగించి, 40,000తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. పది రోజుల దసరా సెలవుల్లో దారికెన్ని రోజులు పోతాయో, తాతగారింట్లో ఎన్ని మిగులుతాయో తేల్చేది ఈ లెక్కే.