ఇల్లు కొనే ముందే మరమ్మతుల లెక్క తేలాలి

పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురమన్న పేరును కేంద్రం 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఈ నగరంలో పాత ఇల్లు కొనేవారు భూమి పత్రాలతోపాటు కట్టడపు స్థితిని కూడా ఇంజనీరుచేత పరీక్ష చేయించుకోవడం అవసరం.

సముద్రపు గాలిలోని ఉప్పు కాలక్రమేణా కాంక్రీటులోకి చేరి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పుతో చువ్వలు ఉబ్బడంవల్ల కాంక్రీటు బీటలు వారి, పెచ్చులూడుతుంది. కొత్తగా రంగు వేస్తే ఈ గుర్తులు కొంతకాలం కనబడవు. పైగా ఈ ద్వీపాలు తీవ్ర భూకంప ప్రమాద ప్రాంతంలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి ముందు కట్టిన ఇళ్లలో స్తంభాలు, దూలాలు కలిసే చోట్లను ప్రత్యేకంగా పరిశీలించాలి.

పరీక్షలో బయటపడిన లోపాలన్నీ ఒకే స్థాయివి కావు. స్తంభాలు, శ్లాబు, విద్యుత్ తీగలు ప్రాణరక్షణకు సంబంధించినవి. పైకప్పు కారడం ఆ తర్వాతిది. బేరం ప్రధానంగా వీటిపైనే సాగాలి. వెలిసిన రంగు, అరిగిన తలుపు గడియల గురించి పట్టుబడితే అసలు విషయం పక్కకు పోతుంది.

పరిష్కార మార్గాలు మూడు. రిజిస్ట్రేషన్‌కు ముందే అమ్మకందారు మరమ్మతు చేయించవచ్చు. అప్పుడు సిమెంటు పూతకు ముందే ఇంజనీరు పనిని చూడాలి. లేదా ఆ ఖర్చు మేరకు ధర తగ్గించవచ్చు. లేదా పని పూర్తయ్యేవరకు కొంత సొమ్ము నిలిపి ఉంచవచ్చు. ఏ మార్గమైనా పని వివరం, గడువు, సొమ్ము విక్రయ ఒప్పందంలో లిఖితపూర్వకంగా ఉండాలి.

సిమెంటు, ఉక్కు వంటివి ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావాలి. కనుక అంచనాను చెన్నై, విశాఖపట్నం ధరలతో కాక స్థానిక ధరలతో వేయించాలి. మే నుంచి డిసెంబరు వరకు వానలు ఎక్కువ. ఆ రోజుల్లో చూస్తే కారే చోట్లు తెలుస్తాయి. బయటి పనులకు జనవరి నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా లేనప్పుడు, తనకు తెలిసిన ముఖ్యమైన లోపాలను అమ్మకందారు వెల్లడించాలి. అయితే సాధారణ జాగ్రత్తతో కొనుగోలుదారు గుర్తించగల లోపాలకు ఇది వర్తించదు. కంటికి కనిపించే బీటను ఉపేక్షిస్తే ఈ రక్షణ ఉండదు. 2016 నాటి రెరా చట్టం పరిధిలోని కొత్త ప్రాజెక్టుల్లో, స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్లలోగా నిర్మాణ లోపాన్ని తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అండమాన్ నికోబార్ ద్వీపాలు ఇందుకు తమిళనాడు రెరా పరిధిలో ఉన్నాయి.

వ్యక్తి నుంచి కొనే పాత ఇంటికి ఇటువంటి హామీ లేదు. కాబట్టి ఇంజనీరు నివేదిక చేతికి వచ్చాకే బయానా ఇవ్వడం క్షేమం.