ఇంటర్నెట్ ప్లాను: కనిపించే ధర, చెల్లించే ధర

ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకునేటప్పుడు మనం మొదట చూసేది నెల ధర. ఆ ఒక్క అంకెతో రెండు ప్లాన్లను పోల్చగలమా? ఒక చిన్న లెక్క చేద్దాం.

మొదటి ప్లాను నెలకు 700 రూపాయలు, ఇన్‌స్టలేషన్ చార్జీ 1,000 రూపాయలు అనుకుందాం. రెండోది నెలకు 750 రూపాయలు, ఇన్‌స్టలేషన్ ఉచితం. 2017 జూలై నుంచి టెలికాం సేవలపై 18 శాతం జి.ఎస్.టి. ఉంది. పన్నుతో కలిపి మొదటి ఏడాది ఖర్చు మొదటి ప్లానుకు 11,092 రూపాయలు, రెండోదానికి 10,620 రూపాయలు. చవకగా కనిపించిన ప్లానుకే 472 రూపాయలు ఎక్కువ! అన్ని ఖర్చులూ ముందే తెలిస్తేనే ఈ లెక్క సాధ్యం. ధరల పారదర్శకత అవసరం ఇక్కడే ఉంది.

ఇక వేగం సంగతి. చాలా ప్లాన్లలో నిర్ణీత డేటా అయిపోగానే వేగం తగ్గిస్తారు. దీనినే ఫెయిర్ యూసేజ్ పాలసీ అంటారు. 450 మెగాబైట్ల వీడియో పాఠాన్ని తీసుకోండి. బైటుకు 8 బిట్లు కనుక అది 3,600 మెగాబిట్లు. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో 36 సెకన్లలో డౌన్‌లోడ్ అవుతుంది. వేగం 512 కిలోబిట్లకు పడిపోతే దాదాపు రెండు గంటలు పడుతుంది. పరీక్ష ముందురోజు ఈ తేడా ఎంతటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

అందుకే భారత టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) 2016 అక్టోబరు 31న ఒక ఆదేశం జారీ చేసింది. డేటా పరిమితి ఎంత, పరిమితి వరకు వేగం ఎంత, దాటాక ఎంత అన్నవి కంపెనీలు స్పష్టంగా తెలపాలని, స్థిర బ్రాడ్‌బ్యాండ్ వేగాన్ని 512 కిలోబిట్లకన్నా తగ్గించరాదని అందులో పేర్కొంది.

అమెరికా మరో పద్ధతి ఎంచుకుంది. ఆహార పొట్లాలపై పోషకాల పట్టిక ఉన్నట్లే, ప్రతి ఇంటర్నెట్ ప్లానుకూ ఒకే నమూనాలో పట్టిక ఉండాలన్న నియమం 2024 ఏప్రిల్ 10న పెద్ద కంపెనీలకు, అక్టోబరు 10న చిన్న కంపెనీలకు అమలులోకి వచ్చింది. నెల ధర, అది ప్రారంభ ఆఫరా కాదా, ఇతర రుసుములు, వేగం, డేటా పరిమితి అందులో ఉండాలి. నమూనా ఒకటే అయితే పోల్చడం సులువు.

అమ్మేవారికి అన్నీ తెలిసి, కొనేవారికి కొన్నే తెలిస్తే పోటీ ఉన్నా ప్రయోజనం దక్కదు. కనుక మీ ఇంట్లో ప్లాను తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి: పన్నుతో ఏడాదికి మొత్తం ఎంత? ఆఫర్ ముగిశాక ధర ఎంత? డేటా అయిపోయాక వేగం ఎంత? జవాబులను కాగితంపై రాసి, లెక్క వేశాకే నిర్ణయించండి.