పిలవని చుట్టాలు

నాచారంలో ఉండే మా పిన్నిగారు ఒకరోజు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి కన్నీళ్లు పెట్టుకున్నారు. "మెమరీ నిండింది, ఏదైనా తీసెయ్యమంటోంది నాన్నా. ఆసుపత్రి నుంచి మీ బాబాయి పంపిన మాటలు తీసేశాను" అన్నారు. బాబాయిగారు పోయి రెండేళ్లు. ఆ వాయిస్ మెసేజీలు ఆమె రోజూ రాత్రి వినేవారు.

ఫోన్ తెరిచి చూస్తే ఆమె ఎన్నడూ ముట్టని ఆటలు, షాపింగ్ యాప్‌లు, వార్తల యాప్‌లు వరుసగా కూర్చుని ఉన్నాయి. అన్నీ కొన్ననాడే ఫోన్‌తోపాటు వచ్చినవే.

ప్రియ పాఠకులారా, ఈ చిక్కు ఇంటింటా ఉన్నదే. యాప్‌ల వారు ఫోన్ తయారీదారులకు డబ్బిచ్చి వాటిని ముందుగానే పెట్టిస్తారు గనుక, చౌక ఫోన్లలో ఈ బెడద ఎక్కువ. 2022 అక్టోబరులో భారత కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసి, ముందే పెట్టిన దాని యాప్‌లను తీసేసుకునే వీలు జనానికి ఉండాలని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలిపింది గాని, ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. పిన్నిగారికి కావలసింది సరిగ్గా అదే! 2025 నవంబరులో టెలికాం శాఖ 'సంచార్ సాథీ' యాప్ కొత్త ఫోన్లన్నింటిలో ముందే ఉండాలంది. పోయిన ఫోన్లను వెతకడానికి అది మంచిదే. అయినా అభ్యంతరాలు వెల్లువెత్తగా డిసెంబరు 3న ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది.

మేము సెట్టింగ్స్‌లో యాప్‌ల పట్టిక తెరిచాం. 'అన్‌ఇన్‌స్టాల్' ఉన్నవన్నీ తీసేశాం. అది లేనివాటికి 'డిసేబుల్' నొక్కాం. అలా చేస్తే యాప్ పూర్తిగా పోదు గాని పనిచేయడం మానేస్తుంది, అప్‌డేట్లతో పెరిగిన బరువూ తగ్గుతుంది. పేరు తెలియని సిస్టమ్ యాప్‌ల జోలికి మాత్రం పోలేదు.

ఫోన్ నెమ్మదిస్తుందని ఎవరో చెప్పగా పిన్నిగారు అప్‌డేట్లన్నీ ఆపేశారు. అది పొరపాటు. సెక్యూరిటీ అప్‌డేట్లు దొంగలు దూరే సందులను మూస్తాయి. ముఖ్యమైనవి వేరేచోట దాచి, ఛార్జింగు పెట్టి, వైఫై ఉన్నప్పుడు సెట్టింగ్స్ నుంచే వేసుకోవాలి. వాట్సాప్‌లో అప్‌డేట్ పేరిట వచ్చే ఏపీకే ఫైలును ఎన్నడూ తెరవకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మరి ఆ మాటల సంగతి? పంపినవారి ఫోన్‌లోనూ ఒక ప్రతి ఉంటుందని నాకు ఆలస్యంగా తట్టింది. బాబాయిగారి ఫోన్ బీరువాలోనే ఉంది గాని, ఛార్జింగు ఎక్కలేదు. ఉప్పల్ చౌరస్తా దగ్గర చిన్న దుకాణంలో కొత్త బ్యాటరీ వేయించాం. ఫైళ్లలో వాట్సాప్ వాయిస్ నోట్స్ అనే ఫోల్డరు తెరిచి, మొదటిది నొక్కాను.

"ఇడ్లీ తిన్నాను. నువ్వు బీపీ మాత్ర వేసుకున్నావా?"

పిన్నిగారు లేచి వెళ్లి మాత్ర వేసుకొచ్చారు.